పండగ దాటిన ఉపవాసం

మా మెస్సులో నూట నలభై మంది పిల్లలు తినేవాళ్ళు. వాళ్ళలో ఎవరు కడుపునిండా తిన్నారో, ఎవరు కలిపి వదిలేసి లేచిపోయారో పేరంటాలక్కకి తెలిసేది. ఆమెకి చదువు రాదు. గరిటె పట్టుకుని వరస వెంట నడుస్తూ పిల్లల మొహాలు కాదు, కంచాలు చూసేది.

"మొహాలు చూస్తే అందరూ మారాజుల్లాగే ఉంటారు గురునాథం. కంచంలోకి చూడు" అనేది నాతో.

బాపట్లలో రైలుకట్టకి అవతల ఉండేది ఆ కాలేజీ హాస్టలు. 1963 నుంచి పదకొండేళ్ళు నేనక్కడ కట్టెలు కొట్టాను, నీళ్ళు మోశాను. పేరంటాలక్క నాకంటే రెండేళ్ళు ముందే వచ్చింది. శాకాహారం మెస్సుకి వంటవాళ్ళు వేరే ఉన్నారు. మాది మాంసాహారం మెస్సు, అందులో పెద్ద పొయ్యి ఆమెది. ఆమె చేపల పులుసు దించే వేళకి అవతలి మెస్సు పిల్లలు కూడా ఏదో పనున్నట్టు మా కిటికీ పక్కన తచ్చాడేవాళ్ళు.

ఆమె పుట్టిందీ మెట్టిందీ చీరాల దగ్గర రామాపురంలోనే. సముద్రం మీద బతికే ఇల్లు. భర్త రాఘవులు విషజ్వరంతో పోయాక ఊళ్ళో ఉండలేక ఇటు వచ్చిందని చెప్పుకునేవాళ్ళు. భర్త పోతే పుట్టిన ఊరినే ఎందుకు వదిలేస్తుంది అని నాకనిపించేది. అడగలేదు.

ఊరు వదిలినా వల వదల్లేదు. మధ్యాహ్నం గిన్నెలు కడగడం అయ్యాక వంటింటి వెనక గోనెపట్టా పరుచుకుని కూర్చునేది. రామాపురం వాళ్ళు చిరిగిన వలలు తెచ్చి ఇచ్చేవాళ్ళు. వల ఒక కొస కిటికీ ఊచకి కట్టి, రెండో కొస కాలి బొటనవేలికి తగిలించి, వెదురు సూదితో ఒక్కొక్క కన్నే కట్టుకుంటూ పోయేది. ఆ సూది బాగా పాతది, చేతులు తగిలి తగిలి నున్నగా మెరిసేది. పని లేనప్పుడు బొడ్లో దోపుకునేది. నేను పక్కనే సరుగుడు మొద్దులు చీలుస్తూ ఉండేవాణ్ణి.

1969 చివర్లో కాలేజీలో కొత్త గది ఒకటి తెరిచారు. రామబ్రహ్మం గారని ఒక లెక్చరరు వాల్తేరులో మనస్తత్వశాస్త్రం చదివి వచ్చారు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. చదువుకునే పిల్లలకి మనసులో దిగులుంటే చెప్పుకోవడానికి ఒక చోటు ఉండాలని ప్రిన్సిపాలు గారి వెంటపడి సాధించారు. ఆఫీసు ఎదురుగా గది, బల్ల, ఎదురూ బొదురూ రెండు కుర్చీలు. గుమ్మం మీద "విద్యార్థి సలహా కేంద్రం" అని నీలం రంగు బోర్డు. గోడకి ఒక పెట్టె, చీటీలు వేయడానికి.

వారం తిరక్కుండా పిల్లలు దానికి పిచ్చిగది అని పేరు పెట్టారు. ఆ గుమ్మం ఎక్కితే ఆఫీసులో గుమాస్తాలందరికీ కనపడుతుంది. పెట్టెలో చీటీలు పడేవి గానీ, "సార్, ఇడ్లీలో సున్నం కలుపుతున్నారు, మా మనసు బాధపడుతోంది" లాంటివి. సారు ఒకరోజు ఆ చీటీ పట్టుకుని నిజంగానే మెస్సుకి వచ్చారు.

"ఇడ్లీలో సున్నం వేస్తున్నారా పేరంటాలమ్మా?"

"సున్నం వేస్తే అంత గట్టిగా ఎందుకుంటయ్యండి? తిని చూడండి" అని నాలుగు పెట్టింది.

ఆయన నాలుగూ తిన్నారు. అప్పటినుంచి అప్పుడప్పుడు వచ్చి తిని వెళ్ళేవారు.

ఆ ఏడాది పి.యు.సి.లో లూకా అనే పిల్లవాడు చేరాడు. వేమూరు దగ్గర పల్లె. వాళ్ళ నాన్న పున్నయ్య గారు ఊరి గుడిలో వాక్యం చెప్పే ఉపదేశి. కొడుకు డాక్టరీ చదువుతాడని ఊరంతటికీ చెప్పుకున్న మనిషి. లూకా సన్నగా, నెమ్మదిగా ఉండేవాడు. పదకొండో తరగతి దాకా తెలుగులో చదివి, ఇక్కడికొచ్చాక అన్నీ ఇంగ్లీషులో చదవాల్సి వచ్చింది. మొదట్లో రెండోసారి అన్నం అడిగి తినేవాడు. సంక్రాంతి సెలవులు అయ్యాక అడగడం మానేశాడు.

ఫిబ్రవరిలో ఒకరోజు మధ్యాహ్నం వరసలో కూర్చోలేదు. పేరంటాలక్క పోయి అడిగింది.

"ఉపవాసం అత్తా. మాకు పండగ ముందు నలభై రోజులుంటయ్యి. పగలు తినను."

పేరంటాలక్క ఆ మాటకి చెంపలేసుకున్నంత పని చేసింది. ఎవరి దేవుడైనా మొక్కు మొక్కే ఆమెకి. మా ఊళ్ళ వైపు ఉపవాసం ఉన్నవాణ్ణి ఎందుకున్నావు, ఎన్నాళ్ళుంటావు అని అడగరు. అడిగితే మొక్కు చెడుతుందంటారు. ఆమె రోజూ దీపాలు పెట్టే వేళకి వాడికి వేరే కంచం సిద్ధం చేసేది. నీచు తగలని గరిటెతో పప్పు, బీరకాయ కూర, మీద మూత. వాడు వచ్చి రెండు ముద్దలు తిని, "చాలత్తా" అని లేచిపోయేవాడు. మిగిలినది చూసి ఆమె, "ఎంత నిష్ఠో చూడు పిల్లోడికి" అని నాతో అనేది. వాడి చొక్కా భుజాల మీద నుంచి జారుతుంటే అది కూడా నిష్ఠే అనుకున్నాం. నేనూ అట్లాగే అనుకున్నాను.

హాస్టలు గదులు ఊడ్చే రూతు వాళ్ళది రేపల్లె. పండక్కి ఊరెళ్ళి, కూతురు పురిటికని అక్కడే ఉండిపోయి, ఏప్రిల్లో రెండో వారానికి వచ్చింది. తెనాలిలో బండి మారి సాయంత్రానికి బాపట్లలో దిగి, మూట చంకలో పెట్టుకుని నేరుగా వంటింట్లోకే వచ్చింది.

"వదినా, మనవడు పుట్టాడు! ఇదిగో అరిసెలు. ఆ మూత పెట్టిన కంచం ఎవరికి? నాకేనా?"

"ఆశ చూడు. అది లూకాబాబుది. వాడు ఉపవాసంలో ఉన్నాడు, మీ పండగది."

రూతు నవ్వింది. "ఏం పండగ వదినా? ఈస్టరు అయిపోయి పది రోజులు దాటింది. మా గుళ్ళో ఆ రోజు కోడికూర, అన్నం, అందరం మెక్కాం. ఇంకా ఉపవాసం ఏంటి?"

"అయిపోయిందా?"

"అయిపోకుండా ఎన్నాళ్ళుంటది?"

పేరంటాలక్క గరిటె గిన్నెలో వదిలేసింది. "మరి పది రోజుల్నించీ నేనేం చేస్తన్నాను?" అంది. రూతుకి ఏమీ అర్థం కాలేదు. నాకు కొంచెం అర్థమయి, గొడ్డలి పక్కన పెట్టాను.

మర్నాడు టిఫిన్ వేళకి రామబ్రహ్మం గారు వస్తే ఆమె అంతా చెప్పింది. పండగ తరవాత కూడా తినడం లేదని, ఎవరితో మాట్లాడటం లేదని, తల దువ్వుకోవడం కూడా మానేశాడని. సారు ప్లేటు పక్కన పెట్టేశారు.

"మంచి పని చేశావు పేరంటాలమ్మా. నా గదికి పంపించు."

"ఆ గదికి రాడండి."

"ఎందుకు రాడు? వీళ్ళ కోసమేగా పెట్టింది."

"గుమ్మం ఎక్కితే చాలు, పిచ్చోడంటారు. అయినా ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ఎవరు చెప్తారండి? పోలీసుల దగ్గర కూర్చున్నట్టుంటది."

సారు మొహం చిన్నబోయింది. కానీ పరీక్షలు వారంలో ఉన్నాయి. ఆగడం మంచిది కాదనుకుని ఆయనకి తెలిసిన పద్ధతిలోనే చేశారు. చీటీ రాసి అటెండరుకి ఇచ్చారు. అటెండరు క్లాసు గుమ్మంలో నిలబడి, "లూకా! సలహా కేంద్రం నుంచి పిలుపు!" అని కేకేశాడు. క్లాసు మొత్తం ఘొల్లుమంది. లూకా లేచాడు. సారు గదికి వెళ్ళలేదు, హాస్టలుకి వచ్చేశాడు.

మధ్యాహ్నం రూతు సంబరంగా వంటింటి వెనక్కి వచ్చింది. చేతిలో ఇత్తడి గ్లాసు, మీద లూకా పేరు చెక్కి ఉంది.

"చూడు వదినా, లూకాబాబు ఇచ్చాడు. గది ఊడుస్తుంటే, రూతక్కా, ఇది నువ్వుంచుకో అన్నాడు. వరప్రసాదానికి పెన్ను కూడా ఇచ్చేశాడు."

వరప్రసాదం అంటే లూకా గదిలో ఉండే రెండోవాడు.

"ఇంకేమన్నాడు?"

"నాకింక దీంతో పని లేదులే అన్నాడు. ఇంటికి పోతున్నాడేమో."

పేరంటాలక్క చేతిలో వెదురు సూది ఆగిపోయింది. కాసేపు దాన్నే చూసింది.

"ఇది మా దానయ్యది" అంది నాతో. "నా తమ్ముడు. ఆర్నెల్లు ఎవరితో మాట్లాడకుండా తిరిగాడు. వేట లేక అలసిపోయాడులే అనుకున్నాను. ఒకరోజు వచ్చి ఈ సూది నా చేతిలో పెట్టి, అక్కా, నాకింక దీంతో పని లేదు అన్నాడు. మంచి సూది దొరికిందని నేను సంబరపడ్డాను గురునాథం. రూతు పడ్డట్టే. తెల్లారి తెప్ప ఒక్కటే ఒడ్డుకొచ్చింది."

ఆమె రామాపురం ఎందుకు వదిలిందో నాకు ఆ రోజు తెలిసింది.

మెస్సు ఆడవాళ్ళు పిల్లల గదుల వైపు వెళ్ళకూడదని రూలు. ఆమె ముంగిట్లో నిలబడి మేడ మీదకి కేకేసింది.

"లూకాబాబూ! ఓ లూకా! వల పట్టుకునే మనిషి లేడు. ఒక్కసారి దిగి రా నాయనా!"

పక్క గదుల్లోంచి తలకాయలు బయటికొచ్చాయి. "అత్తా, మేం వస్తాం! మేం పట్టుకుంటాం!"

"మీరొద్దురా. మీరు పట్టుకుంటే ఉన్న వల కూడా చిరుగుద్ది. లూకా చేతులు నిదానం. రా బాబూ, పొద్దు పోతంది."

ఆమె అక్కడే నిలబడింది. రెండోసారి పిలిచింది, మూడోసారి పిలిచింది. విసుగు లేదు, భయం కూడా గొంతులో తెలియనివ్వలేదు. చివరికి లూకా మెట్లు దిగాడు. పెద్దామె సాయం అడుగుతుంటే కాదనలేని పిల్లవాడు.

గోనెపట్టా మీద తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఇద్దరి మొహాలూ వల వైపే. వల కొస వాడి బొటనవేలికి తగిలించింది. "బిగించి పట్టుకో. మరీ లాగొద్దు. ఆ, అంతే" అంటూ కట్టుకుంటూ పోయింది. నన్ను చూసి, "నువ్వు నీ పని కానియ్యి" అంది. నేను కట్టెలు కొడుతున్నాను. పది పదిహేను కన్నులు కట్టేదాకా ఆమె ఏమీ అడగలేదు.

తరవాత వల మీద నుంచి చూపు తియ్యకుండానే అంది. "బాబూ, నేనొక తప్పు చేశాను. మీ పండగ ఎప్పుడో నాకు తెలీదు. అయిపోయిందని నిన్నే తెలిసింది. నువ్వు తినకపోతుంటే మొక్కనుకుని మూతలు పెట్టుకుంటా కూర్చున్నా. ఎందుకు తినట్లేదని ఒక్కసారన్నా అడగాల్సింది."

వల వణికింది. వాడి కాలు వణుకుతోంది. నా చెయ్యి ఆగింది.

"ఆపమాక గురునాథం" అంది ఆమె, నా వైపు తిరక్కుండానే. "కొడతానే ఉండు."

అప్పుడు అర్థమైంది నాకు. మేడ మీద నుంచి పిల్లలు తొంగి చూస్తున్నారు. గొడ్డలి మోగుతున్నంతసేపు వాడి మాట ఆ పట్టా దాటి పోదు. కొట్టాను. మర్నాటి కట్టెలు, ఎల్లుండి కట్టెలు, పెళ్ళి వంటకి సరిపడా కట్టెలు కొట్టాను. అందుకే వాడు చెప్పింది నాకు కూడా ముక్కలు ముక్కలుగానే వినపడింది.

"క్లాసులో ఒక్క ముక్క అర్థం కావట్లేదత్తా..."

"...నాన్న ఊరంతా చెప్పేశాడు. నేను ఇంటికెళ్తే అందరూ డాక్టరుబాబు అంటన్నారు..."

"...మొదట్లో ఉపవాసం నిజంగానే పట్టాను. తరవాత ఆకలే పోయింది. పొద్దున మెలకువ వస్తే, అయ్యో మళ్ళీ తెల్లారిందే అనిపిస్తది..."

దెబ్బకీ దెబ్బకీ మధ్య ఆమె అడిగిన మాట మాత్రం స్పష్టంగా వినపడింది. "చచ్చిపోదామనుకున్నావా బాబూ?"

వాడు తల ఊపాడు. నేను గొడ్డలి పైకెత్తినవాణ్ణి అట్లాగే ఉండిపోయాను. ఆమె నా వైపు ఒక్క చూపు చూస్తే మళ్ళీ దించాను.

"నా తమ్ముణ్ణి ఈ మాట నేను అడగలేదు" అంది ఆమె. "అడిగితే ఏం చెప్పేవాడో నాకిప్పటికీ తెలీదు. నువ్వు చెప్పావు. బంగారు తండ్రివి."

వాడు వల మీదకి ఒంగిపోయి ఏడ్చాడు. ఆమె వాడి వీపు మీద చెయ్యి వేసి, రెండో చేత్తో వల వాడి కాలి నుంచి తప్పించింది. చాలాసేపటికి అడిగింది, "ఆ సారుకి చెప్పనా?"

"ఆ గదికి నేను రానత్తా."

"గదికొద్దు. ఆయన్నే ఇక్కడికి రమ్మంటా. రాకేం చేస్తాడు, నాలుగు ఇడ్లీలు పెడితే."

వాడు నవ్వలేదు గానీ వద్దనలేదు. చారు అన్నం కలిపి తెచ్చి ఇచ్చింది. మూడు ముద్దలు తిన్నాడు. నాలుగోది చేతిలో పట్టుకుని కాసేపు చూసి అది కూడా తిన్నాడు. రూతు గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి వాడి ముందు పెట్టింది. వాడి గ్లాసే. "నాకొద్దు బాబూ, నీ పేరున్న గ్లాసుతో నేను తాగితే మా ఆయన ఎవడే ఈ లూకా అంటాడు" అంది. వరప్రసాదాన్ని పిలిచి, వీడి మంచం పక్కనే మంచం వేసుకో, ఒంటరిగా వదలొద్దు అని చెప్పింది పేరంటాలక్క.

సారు వచ్చారు. ఇస్త్రీ ప్యాంటుతో గోనెపట్టా మీద ఎట్లా కూర్చోవాలో తెలియక రెండుసార్లు లేచి కూర్చున్నారు. మొదటి మాట, "ఆ చీటీ పంపడం నా తప్పు లూకా. పరువు తీశాను. క్షమించు." లెక్చరరు ఒక స్టూడెంటుతో అట్లా అనడం నేను అంతకుముందు వినలేదు. తరవాత ఆయన కూడా వల పట్టుకుంటానని బొటనవేలు దూర్చి, కాలు చిక్కు పడిపోయి, పేరంటాలక్క సూదితో విడదీసేదాకా కదల్లేక కూర్చున్నారు.

"ఎం.ఏ. చదివారు గదండీ, ఇంత చిన్న కన్నులోంచి వేలు తీసుకోలేరా?"

అప్పుడు నవ్వాడు లూకా. చిన్నగానే.

సారు వాణ్ణి గుంటూరు తీసుకెళ్ళి ఒక డాక్టరుకి చూపించారు, నిద్రకి మందిచ్చారు. ఆ ఏడు పరీక్షలు రాయించలేదు. వేమూరుకి ఉత్తరం రాస్తే పున్నయ్య గారు తెల్లపంచె, చంకలో గొడుగుతో వచ్చారు. వంటింటి వెనకే కూర్చున్నారు. సారు చెప్పిందంతా విని, "వీడు డాక్టరు కావాలని పదిహేడేళ్ళు ప్రార్థన చేశానండి" అన్నారు.

"ఇప్పుడు వీడు అన్నం తినాలని చెయ్యండి అయ్యగారూ" అంది పేరంటాలక్క. "మిగతాది తరవాత చూసుకుందురుగాని."

పెద్దాయన గొడుగు కింద పెట్టారు. కొడుకు పక్కకి జరిగి కూర్చున్నారు. అంతే. వెళ్ళేటప్పుడు కొడుకు పెట్టె ఆయనే నెత్తిన పెట్టుకున్నారు.

ఆఫీసు ఎదురు గది బోర్డు అట్లాగే ఉంది. సారు మాత్రం మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నాలు మా వెనక వసారాలో కూర్చునేవారు. ఎవరన్నా దిగులుగా ఉన్న పిల్లవాడుంటే పేరంటాలక్క కంచం చూసి పసిగట్టి, బియ్యంలో రాళ్ళేరాలనో, చింతపండు గింజలు తియ్యాలనో పిలిచేది. పిల్లలు దానికీ పేరు పెట్టారు, వల క్లాసని. నవ్వుకుంటూనే వచ్చేవాళ్ళు. అందరికీ బాగయిందని చెప్పను. ఒక పిల్లవాడు మూడుసార్లు వచ్చి, తరవాత చెప్పకుండా చదువు మానేసి వెళ్ళిపోయాడు. అతని కోసం ఆమె చాలా రోజులు అందరినీ ఆరా తీసింది. వచ్చినవాళ్ళకి మాత్రం నా గొడ్డలి ఎప్పుడూ ఆగలేదు. నా నడుం నొప్పికి సగం కారణం వాళ్ళే.

లూకా మరుసటి ఏడు పి.యు.సి. పాసయ్యాడు. డాక్టరీ ఊసు ఎత్తలేదు. టీచరు ట్రైనింగు చేసి కర్లపాలెంలో చిన్నపిల్లల బడిలో చేరాడు. ఏటా ఈస్టరు వెళ్ళిన వారంలో పేరంటాలక్కకి ఒక కార్డు వచ్చేది. నేనే చదివి పెట్టేవాణ్ణి. ప్రతిసారీ ఒకే సంగతి. "అత్తా, పండగ అయిపోయింది. అన్నం తింటున్నాను. లూకా." ఆమె ఆ కార్డులు బియ్యం డబ్బా వెనక దాచేది.

1974లో కార్డు రాలేదు. పండగ ఎప్పుడని రూతుని ముందే అడిగి పెట్టుకుంది. వారం చూసింది. పది రోజులు చూసింది. పదకొండో రోజు పొద్దున్నే పొయ్యి రూతుకి అప్పజెప్పి, క్యారియరు కట్టుకుని, "పద" అంది నాతో. ఎక్కడికని నేను అడగలేదు. బస్సులో కర్లపాలెం దాకా బొడ్లో సూదిని తడుముకుంటూనే ఉంది.

మేం వెళ్ళేసరికి బడిలో మధ్యాహ్నం గంట కొట్టారు. లూకా వసారాలో కింద కూర్చుని, చుట్టూ పిల్లలతో, టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని ఉన్నాడు. కొంచెం ఒళ్ళు చేశాడు. మమ్మల్ని చూసి లేచాడు.

"అత్తా! ఏంటిట్టా వచ్చావు? అందరూ బాగున్నారా?"

"కార్డేదిరా?"

వాడు నోరు తెరిచి, నాలిక కరుచుకుని, లోపలికి పరిగెత్తి, హాజరు పుస్తకంలోంచి కార్డు తీసుకొచ్చాడు. రాసి ఉంది. పోస్టులో వెయ్యడం మర్చిపోయాడు.

"చంపావు కదరా" అంది ఆమె. తిట్టడానికి ఇంకేదో అనబోయి ఆగి, వాడి పక్కన కూలబడింది. వాడి మొహం చూడలేదు. డబ్బాలోకి చూసింది. సగం పైన ఖాళీ అయి ఉంది.

"ఏం కూర?"

"దోసకాయ పప్పత్తా."

"ఉప్పు సరిపోయిందా?" అంటూ క్యారియరు మూత తీసింది.

తిరుగు బస్సులో ఆ కార్డు నాతో చదివించుకుంది. ఒకసారి చదివాను. కర్లపాలెం దాటాక మళ్ళీ చదవమంది.